మోకాలికి బల్ల తగలకుండా

బల్ల కింద పెట్టుకుని, కుర్చీలో కూర్చునే తొక్కే చిన్న పెడల్ యంత్రం గురించి ఈసారి ఉత్తరాలు బాగా వచ్చాయి. దాదాపు అన్నీ నెల్లూరు, ఒంగోలు వైపు నుంచే. కొనాలా వద్దా అని అడిగినవాళ్లు ఇద్దరే. మిగతా అందరూ కొనేశాక ఎదురైన ఇబ్బందులే రాశారు. కాళ్లూ కీళ్ల సంగతి ఫిజియోథెరపీ తెలిసినవారు, మరలూ బోల్టుల సంగతి మెకానిక్ పని తెలిసినవారు చూసి ఇచ్చిన జవాబులివి.

బ్యాంకులో పని. మడత పెట్టే రకం పెడల్ యంత్రం తెప్పించుకున్నాను. తొక్కబోతే మోకాలు కీబోర్డు సొరుగుకు కొట్టుకుంటోంది. యంత్రాన్ని ముందుకు జరిపితే నేను కుర్చీలో కిందికి జారిపోతున్నాను. తిరిగి ఇచ్చేయాలా? – పాఠకురాలు, కావలి

ఇప్పుడే ఇవ్వకండమ్మా. ఈ యంత్రాలు మూలన పడటానికి మొదటి కారణం ఇదే. తప్పు యంత్రానిది కాదు, కొలత చూసుకోకపోవడం.

మామూలు ఆఫీసు బల్ల ఎత్తు 73 నుంచి 76 సెంటీమీటర్లు. పలక మందం తీసేస్తే కింద 70 మిగులుతుంది. సొరుగు ఉంటే ఆ జాగా 60 దగ్గరికి పడిపోతుంది. కుర్చీలో పాదాలు నేలకు ఆనించి కూర్చుంటే సగటు మనిషి మోకాలు 50 సెంటీమీటర్ల దాకా వస్తుంది. పెడల్ పైకి వచ్చినప్పుడు మోకాలు ఇంకో నాలుగైదు అంగుళాలు లేస్తుంది. ఇక సొరుగుకు తగలకుండా ఎలా ఉంటుంది?

మొదట సొరుగు తీసేయండి. చాలా సొరుగులు రెండు పక్కలా రైలు మీద నాలుగైదు స్క్రూలతోనే ఉంటాయి. కీబోర్డు బల్ల మీదికి వస్తుంది. అప్పుడు కుర్చీ కొంచెం పైకి లేపాలి, లేకపోతే భుజాలు లాగుతాయి. కుర్చీ లేపితే మోకాలు ఇంకా పైకి పోదా అని అనుమానం రావచ్చు. పోదు. పెడల్ నేల మీదే ఉంటుంది, నడుము మాత్రం పైకి వస్తుంది, కాబట్టి తొడ వాలు తగ్గుతుంది. ఒక్క బల్ల మీదో ఒక్క కుర్చీ మీదో కాదు, పెడల్‌కూ నడుముకూ మధ్య ఉన్న ఎత్తు మీద లెక్క ఆధారపడి ఉంటుంది. ఇంకా చాలకపోతే మంచం కోళ్ల కింద పెట్టే చెక్క దిమ్మల్లాంటివి రెండంగుళాలవి బల్ల కాళ్ల కింద పెట్టి, కుర్చీనీ అంతే లేపండి. తొక్కనప్పుడు కాళ్లు వేలాడకుండా ఒక పీట పెట్టుకోండి. కాళ్లు గాల్లో ఉంటే కుర్చీ అంచు తొడ వెనక నొక్కి తిమ్మిరెక్కుతుంది.

యంత్రాన్ని ముందుకు జరపడం అందరూ చేసే ఉపాయమే గానీ దానికో హద్దుంది. పెడల్ మీకు బాగా దూరంగా ఉన్నప్పుడు కూడా మోకాలు కాస్త వంగే ఉండాలి. నిటారుగా చాచుకుందంటే ఎక్కువ జరిపినట్టు. కాలు అందక నడుము ముందుకు జారుతుంది, వీపు కుర్చీని వదిలేస్తుంది, వారం తిరగకుండా నడుము నొప్పి పట్టుకుంటుంది. మీరు జారిపోతున్నది అందుకే.

కొనబోయేవాళ్లు ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోవచ్చు. పెడల్ పైకి వచ్చినప్పుడు నేల నుంచి ఎంత ఎత్తుంటుందో అంగట్లో టేపుతో కొలవండి, లేదా అట్టపెట్టె మీద చూడండి. బల్ల కింద పాత పుస్తకాలు అంత ఎత్తుకు పేర్చి వాటి మీద పాదం పెట్టండి. మోకాలికీ బల్లకూ మధ్య మూడు వేళ్లు నిలువుగా దూరాలి. దూరకపోతే ఆ నమూనా మీ బల్లకు పనికిరాదు. బల్ల కింద వాడటానికే చేసినవి అని ప్రత్యేకంగా పొట్టివి వస్తాయి. క్రాంకు, అంటే పెడల్‌ను ఇరుసుకు కలిపే కడ్డీ, చిన్నది. తొక్కుడును బరువు చేసే బిగువు లోపలి అయస్కాంతంతో వస్తుంది. ధర మాత్రం మడత రకానికి మూడు నాలుగు రెట్లు. సొరుగు తీయడం కుదరనివాళ్లకు అవే దిక్కు.

రొయ్యల మేత అంగడిలో లెక్కలు రాస్తాను. కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీ. రెండు తొక్కులు తొక్కేసరికి కుర్చీ వెనక్కి పోతుంది, యంత్రం ముందుకు పోతుంది. కింద గ్రానైటు. – పాఠకుడు, నెల్లూరు

పెడల్‌ను ముందుకు తోస్తే అంతే బలంతో మీరూ వెనక్కి తోసుకుంటారు. కింద నున్నటి గ్రానైటు, కుర్చీకి చక్రాలు, ఇంకేం కావాలి.

కుర్చీనీ యంత్రాన్నీ ఒకదానికొకటి కట్టేయడం అన్నిటికన్నా గట్టి మార్గం. కుర్చీ మధ్య కంబానికి, యంత్రం వెనక కాలికి మధ్య బిగించే బకిలు ఉన్న సంచి పట్టీ వేయండి. రెండూ కలిసి ఒకే వస్తువైతే తోపుడు లోపలికి లోపలే తీరిపోతుంది. నైలాన్ తాడు వద్దు, సాగుతుంది. పట్టీ పెడల్ తిరిగే దారిలో పడకుండా నేలకు ఆనేటట్టు కట్టాలి. లేచేటప్పుడు కాలికి తట్టుకునే ప్రమాదం ఉంది గనక పనైపోయాక తీసేయండి.

అంగడిలో అది కుదరదంటే చక్రాలు ఊడదీసి, అదే కన్నాల్లో పట్టే కదలని గుబ్బలు వేసుకోండి. ఆఫీసు కుర్చీలు బాగుచేసేవాళ్ల దగ్గర దొరుకుతాయి. చాలా కుర్చీల చక్రాలు గట్టిగా లాగితే ఊడి వచ్చేస్తాయి. అప్పుడు కుర్చీ ఒకటి రెండంగుళాలు పొట్టి అవుతుంది, పై జవాబులో చెప్పిన లెక్క మళ్లీ చూసుకోవాలి. కుర్చీ వీపు వెనక్కి వాలే రకమైతే ఆ మీటను కూడా తాళం వేయండి. వీపు ఊగుతుంటే సగం తొక్కుడు కుర్చీని వంచడానికే పోతుంది.

యంత్రం కింద కొబ్బరి పీచు పట్టా వేస్తున్నారు చాలామంది. గ్రానైటు మీద పట్టాయే జారుతుంది. రబ్బరు పట్టా కావాలి. యోగా చాపను రెండు మడతలు వేసినా చాలు. దుమ్ము పడితే దాని పట్టు పోతుంది, వారానికోసారి తడిగుడ్డతో తుడవండి. మీ అంగట్లో మేత పొడి ఎప్పుడూ ఉంటుంది గనక మీకు రెండు మూడు రోజులకోసారి తప్పదు. బల్ల గోడకు ఆనుకుని ఉంటే, యంత్రం ముందు కాళ్లకూ గోడకూ మధ్య ఒక చెక్క ముక్క అడ్డం పెట్టడం అన్నిటికంటే చవక.

ఇవన్నీ చేసినా జారుతోందంటే బిగువు ఎక్కువ పెట్టారన్నమాట. నాబ్ వదులు చేయండి. కూర్చుని పని చేసుకుంటూ తొక్కే యంత్రానికి బరువైన తొక్కుడు అవసరమే లేదు.

గంట తొక్కితే మీటరు 300 కేలరీలు చూపిస్తోంది. రెండు నెలలైంది, బొజ్జ అలాగే ఉంది. మీటరు అబద్ధం చెబుతోందా? – గ్రానైటు కంపెనీ ఆఫీసు ఉద్యోగి, చీమకుర్తి

చెబుతోంది. ఆ మీటరుకు తెలిసిందల్లా చుట్లు లెక్కపెట్టడమే. క్రాంకుకు ఒక చిన్న అయస్కాంతం ఉంటుంది. అది సెన్సరు ముందు నుంచి పోయిన ప్రతిసారీ ఒక అంకె పెరుగుతుంది. మీ బరువు దానికి తెలియదు, నాబ్ ఎంత బిగించారో తెలియదు. కావాలంటే నాబ్ పూర్తిగా వదిలేసి వంద చుట్లు, బాగా బిగించి వంద చుట్లు తొక్కి చూడండి. రెండుసార్లూ ఒకే కేలరీలు చూపిస్తుంది.

అసలు లెక్క ఇలా వేసుకోవచ్చు. ఊరికే కూర్చుని పని చేసేటప్పుడు మనిషి ఖర్చు చేసేది కిలో బరువుకు గంటకు సుమారు 1.3 కేలరీలు. తేలిగ్గా తొక్కుతూ ఉంటే రెండున్నర దాకా పోతుంది. 70 కిలోల మనిషికి ఊరికే కూర్చుంటే 91, తొక్కితే 175. కొత్తగా ఖర్చయింది 84. పంచదార వేసిన టీ ఒకటి తాగితే లెక్క చెల్లు. గంట తొక్కాం కదా అని సాయంత్రం బజ్జీలు తిన్నవాళ్లకు బొజ్జ తగ్గకపోగా పెరుగుతుంది.

అలాగని యంత్రం దండగ అనడం లేదు. అది చేసే మేలు వేరు. కదలకుండా మూడు గంటలు కూర్చుంటే పిక్కల కండరం పని మానేస్తుంది, కాళ్లలో రక్తం పైకి రావడం మందగిస్తుంది, సాయంత్రానికి చీలమండలు బరువెక్కుతాయి. తొక్కుడు దాన్ని ఆపుతుంది. అందుకే గంట ఒకేసారి తొక్కడం కంటే, ముప్పావు గంటకోసారి అయిదు పది నిమిషాల చొప్పున రోజంతా తొక్కడం నయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలి, దానితోపాటు రెండు రోజులు కండరాలకు పని పెట్టాలి. ఓ మోస్తరు అంటే మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఫైళ్లు చూసుకుంటూ తొక్కే తొక్కుడు అంతవరకూ రాదు. కాబట్టి నడక మానకండి. ఎండాకాలంలో మీ క్వారీల వైపు పొద్దున ఏడు దాటితే నడవలేరు, ఆలోపే ముగించండి.

వయసు 62. రెండు మోకాళ్లూ అరిగాయన్నారు. పిల్లలు ఈ యంత్రం కొనిచ్చారు. తొక్కితే మోకాలి చిప్ప కింద నొప్పి. మానేయాలా? – విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు

మానక్కరలేదు మాస్టారూ, కుర్చీ మార్చండి. మీరు కూర్చునేది బహుశా ప్లాస్టిక్ కుర్చీ గానీ సోఫా గానీ అయి ఉంటుంది. పొట్టి ఆసనం మీద కూర్చుని తొక్కితే పెడల్ పైకి వచ్చినప్పుడు మోకాలు బాగా ముడుచుకుంటుంది. ముడుచుకున్న స్థితిలో బలం పెడితే చిప్ప వెనక ఒత్తిడి పడుతుంది. ఎత్తయిన చెక్క కుర్చీ వేసుకుని, అవసరమైతే గట్టి దిండు ఒకటి పెట్టుకుని, యంత్రాన్ని రెండు మూడంగుళాలు దూరం జరపండి. పెడల్ దగ్గరికి వచ్చినప్పుడు మోకాలు లంబకోణం కంటే ఎక్కువ ముడవకూడదు. పక్క నుంచి ఎవరినైనా చూడమనండి, మనకు మనం చూసుకుంటే తెలియదు.

నాబ్ పూర్తిగా వదులు. మొదటి వారం రోజుకు మూడుసార్లు, సారికి అయిదు నిమిషాలు. వేగం నిమిషానికి 40 చుట్లు చాలు. కుడి మోకాలు పావు నిమిషంలో పదిసార్లు లేస్తే సరిగ్గా అంతే. తొక్కేటప్పుడు కాస్త పట్టేసినట్టుండి, ఆపాక అరగంటలో తగ్గిపోతే ఫరవాలేదు. మర్నాటి పొద్దుటికి కూడా నొప్పి ఉందంటే సమయం సగానికి తగ్గించండి. మోకాలు వాచినా, వేడిగా ఉన్నా, మధ్యలో బిగుసుకుపోయినా డాక్టరుకు చూపించాలి. ఒక్క పిక్కే ఉన్నట్టుండి వాచి, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే ఆ రోజే వెళ్లండి. రక్తం గడ్డ కట్టిందేమో చూడాలి, అలాంటప్పుడు తొక్కకూడదు.

కీలు మార్పిడి చేయించుకున్నవాళ్లు ఫిజియోథెరపిస్టు చెప్పిన రోజునే మొదలుపెట్టాలి. మొదట్లో పూర్తి చుట్టు రాదు. ముందుకూ వెనక్కూ ఊపుతూ ఉంటే మెల్లగా వస్తుంది. బలవంతంగా తిప్పకండి.

బియ్యం మిల్లులో గుమస్తాను. షుగర్ ఉంది, అరికాళ్లలో స్పర్శ తక్కువ. అన్నం తిన్నాక తొక్కితే షుగర్ తగ్గుతుందంటున్నారు. – పాఠకుడు, బుచ్చిరెడ్డిపాళెం

తిన్న తర్వాత ఎగిసే షుగర్‌కు కళ్లెం వేయడానికి ఈ తొక్కుడు పనికొస్తుంది. పనిచేసే కండరం రక్తంలోని గ్లూకోజును వాడుకుంటుంది. తిన్న అరగంటలోపు మొదలుపెట్టి తేలిగ్గా పావుగంట తొక్కండి. మొలగొలుకులైనా సోనా అయినా అన్నం అన్నమే, కంచంలో తగ్గించాల్సింది తగ్గించాకే ఇది.

మీరు ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర గానీ వాడుతుంటే ఖాళీ కడుపుతో తొక్కకండి. వణుకు, చల్లని చెమట, కళ్లు తిరగడం కనిపిస్తే ఆపి షుగర్ చూసుకోండి. 70 కంటే తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి, పావుగంట తర్వాత మళ్లీ చూసుకోవాలి. బల్ల సొరుగులో పంచదార పొట్లం ఉంచుకోండి.

స్పర్శ తగ్గిందన్నారు కదా, మీ విషయంలో అసలు భయం అక్కడే. వట్టి కాళ్లతో తొక్కవద్దు. పెడల్ పట్టీ గట్టి ప్లాస్టిక్, అంచు పదును. అది రాసుకుని బొబ్బ లేచినా మీకు తెలియదు. మేజోళ్లు వేసుకుని, వేళ్లు మూసి ఉండే మెత్తటి బూట్లు తొడుక్కోండి. పట్టీని పాదం మీద వేలు దూరేంత వదులుగా పెట్టండి. తొక్కడం అయ్యాక అరికాలు, వేళ్ల సందులు చూసుకోవాలి. వంగి చూడలేకపోతే చేతి అద్దం కింద పెట్టుకోండి. పుండు ఉన్నన్నాళ్లూ యంత్రం జోలికి పోవద్దు.

రోజంతా కుట్టుమిషను తొక్కుతాను. నాకు వేరే తొక్కుడు అవసరమా? – దర్జీ, కందుకూరు

మంచి ప్రశ్న. కాలి మిషను మెట్టు మీద కదిలేది ఎక్కువగా చీలమండే. పిక్కకు పని దొరుకుతుంది, ఆ మాటకొస్తే ఆఫీసు కుర్చీలో కదలకుండా కూర్చున్నవాళ్ల కంటే మీరు నయం. కానీ మోకాలు, తుంటి పెద్దగా కదలవు, తొడ కండరానికి పనేమీ లేదు. పైగా వీపు వంగే ఉంటుంది. మీకు కావాల్సింది ఇంకో తొక్కుడు కాదు, గంటకోసారి లేచి నిలబడటం. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి, డబ్బు మిగులుతుంది. మోటారు బిగించిన మిషనైతే మాట వేరు, అప్పుడు మీరూ ఆఫీసువాళ్ల లెక్కే.

సముద్రం దగ్గరి ఊరు. కొని ఆరు నెలలు కాలేదు, కిర్రుమంటోంది, గొట్టాలు తుప్పు పట్టాయి. ఎడమ పెడల్ ఎంత బిగించినా వదులవుతోంది. – పాఠకుడు, అల్లూరు

ముందు పెడల్ సంగతి. ఎడమ పెడల్‌కు మరలు తలకిందులుగా ఉంటాయి, సైకిల్‌కు ఉన్నట్టే. అది బిగియాలంటే గడియారం ముల్లు తిరిగే దిక్కుకు ఎదురు తిప్పాలి. మీరు మామూలు బోల్టు అనుకుని బిగించేకొద్దీ విప్పుతున్నారు. పెడల్ ఇరుసు చివర ఎడమదానికి ఎల్, కుడిదానికి ఆర్ అని ఇంగ్లీషు అక్షరం ఉంటుంది, రెండూ తారుమారు కాలేదు కదా చూడండి. మొదట చేత్తోనే మూడు నాలుగు చుట్లు తేలిగ్గా ఎక్కాలి. ఎక్కకపోతే వంకరగా పట్టిందని అర్థం, తీసి మళ్లీ పెట్టాలి. ఆ తర్వాతే పానా. చాలావాటికి 15 నంబరు సరిపోతుంది. వంకరగా పానాతో బిగిస్తే క్రాంకులోని మర తినేస్తుంది, అప్పుడు క్రాంకే మార్చాలి. నీళ్ల పైపులకు చుట్టే తెల్ల టేపు చుట్టి నెట్టుకొచ్చేవాళ్లున్నారు, రెండు రోజుల ముచ్చట. ఇంకొకటి, ఈ తలకిందుల మర ముందుకు తొక్కేవాళ్ల కోసం పెట్టింది. వెనక్కి తొక్కడం అలవాటున్నవాళ్లకు పెడళ్లు వదులయ్యే అవకాశం ఎక్కువ. మీరూ అలా తొక్కుతుంటే వారానికోసారి పానా వేసి చూసుకోండి.

కిర్రుమనే చప్పుడు ఎక్కడిదో కనిపెట్టాలంటే నాబ్ పూర్తిగా వదిలేసి తొక్కండి. చప్పుడు ఆగితే అది లోపలి బిగింపు పట్టీది. ఆ పట్టీ ఇరుసును ఒరుసుకోవడం వల్లే ఈ చవక రకానికి బిగువు వస్తుంది. దానికి నూనె పోస్తే చప్పుడుతోపాటు బిగువూ పోతుంది. ఇరుసును పొడిగుడ్డతో తుడిచి, తుప్పుంటే సన్నని ఎమెరీ కాగితంతో రుద్దితే చాలు. నాబ్ వదిలినా చప్పుడు ఆగకపోతే అది ఇరుసు చివరల్లో గానీ పెడళ్లలో గానీ ఉంది. అక్కడ కుట్టుమిషను నూనె రెండేసి చుక్కలు వేయండి. కొబ్బరినూనె వద్దు, దుమ్ముతో కలిసి జిగురవుతుంది.

ఆ ఒరిపిడి వల్లే పావుగంట దాటాక ఇరుసు కాలిపోతూ ఉంటుంది. వేడెక్కిన కొద్దీ బిగువు కూడా మారిపోతుంది. ఆపగానే చెయ్యి పెట్టకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. తుప్పుకు మందు ఒకటే: ఉప్పుగాలి ఊళ్లలో వారానికోసారి తడిగుడ్డ, వెంటనే పొడిగుడ్డ, ఆపైన నూనె అంటిన గుడ్డ.

ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని. తొక్కుతూ టైపు చేస్తే తప్పులు పడుతున్నాయి. చీర కుచ్చిళ్లు కూడా ఒకసారి ఇరుక్కున్నాయి. – పాఠకురాలు, నెల్లూరు

మౌసుతో చేసే సన్న పని, తొక్కుడు రెండూ కలవవు. ఫోను మీటింగులు, చదవడం, వినడం ఉన్నప్పుడు తొక్కండి, కోడు రాసేటప్పుడు ఆపేయండి. వేగం 50 చుట్లు దాటితే నడుము ఊగుతుంది, తెర మీద అక్షరాలు ఆడతాయి. మోచేతులు బల్లకు ఆనించి ఉంచితే కొంత నయం.

చీర, నైటీ, లుంగీ, పెద్ద చున్నీ దేనికైనా ఇదే ప్రమాదం. గుడ్డ చిక్కుకుంటే ముందుకు తొక్కి లాగకండి, ఇంకా చుట్టుకుంటుంది. పాదాలు తీసి, క్రాంకును చేత్తో వెనక్కి తిప్పండి, వదిలేస్తుంది. సల్వారు కింది అంచు వదులుగా ఉంటే చీలమండ దగ్గర రబ్బరు బ్యాండు వేసుకోండి. చీరతోనే తొక్కాలంటే కుచ్చిళ్లు మోకాళ్ల దాకా లాగి తొడల కింద నొక్కి కూర్చోవాలి.

పక్షవాతం వచ్చిన అమ్మకు కరెంటుతో దానంతట అదే తిరిగే రకం కొనవచ్చా? – పాఠకుడు, సింగరాయకొండ

కొనవచ్చు, కానీ దాని పని వేరు. మోటారు కాలును తిప్పుతుంది, కీళ్లు బిగుసుకుపోకుండా ఉంటాయి. కండరానికి బలం రావాలంటే మనిషి తనంతట తాను తొక్కాలి. కాబట్టి కొంచెమైనా తొక్కగలిగితే, మోటారు ఆపినా కాళ్లతో తొక్కగలిగే రకం చూసి తీసుకోండి. బలహీనమైన పాదం పెడల్ మీద నిలవదు, మడమ వెనక కూడా పట్టీ ఉండాలి. మోకాలు బయటికి వాలిపోకుండా పక్కన ఒకరు చేత్తో పట్టుకోవాలి. అన్నిటికంటే తక్కువ వేగంతో, అయిదు నిమిషాలతో మొదలుపెట్టండి. కాలు బిగుసుకుని ఎదురు తంతే వెంటనే ఆపేయాలి, స్విచ్ మీ చేతిలోనే ఉండాలి. ఆమెను ఒంటరిగా వదిలి పక్క గదిలోకి పోవద్దు.